మైకన్న సర్పంచులు

మైకన్న పోయాడన్న సంగతి నాకు మా ఆయనే చెప్పారు. మధ్యాహ్నం దుకాణం మూసి అన్నానికి వచ్చారు. కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాక, "నీ మైకన్న పోయిండంట, పొద్దుగాల" అన్నారు. అంతే. ఎట్లా పోయాడని నేను అడగలేదు. ఇంకో గరిటె చారు పోయించుకుని, తొక్కు బాగుందని చెప్పి, తిని లేచారు. "నీ మైకన్న" అన్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదని పళ్లెం తీస్తూ అనుకున్నాను.

ఎనభైల చివర్లో మా సిద్దిపేటలో ఊరికే చూడడానికి పోవడమన్నది కొత్తగా వచ్చిన సరదా. అంతకుముందు పోవడమంటే మొక్కు తీర్చుకోవడమే. కొమురవెల్లికో, వేములవాడకో, స్తోమత ఉంటే తిరుపతికో. దేవుడు లేని చోటికి పనిగట్టుకుని పోయి, నీళ్లు పైనుంచి పడుతుంటే చూసి, కొండెక్కి దిగి రావడం మా పెద్దవాళ్లకు అర్థమయ్యేది కాదు. దాన్ని మాకు అలవాటు చేసినవాడు మైకన్న. అంతకుముందు ఆయన సినిమా రిక్షాలో కూర్చుని, ఈ రోజు ఏ ఆట ఆడుతుందో మైకులో చెబుతూ ఊరంతా తిరిగేవాడు. అదే మైకుతో టూరిస్టు బస్సెక్కాడు. పాత బస్టాండు దగ్గర ఒక హోటలు గోడకు నల్లబల్ల తగిలించి, సుద్దముక్కతో రాసేవాడు: పాపికొండలు, విశాఖ, అరకు. లేకపోతే బాసర, కుంటాల. లేకపోతే సాగరు, ఎత్తిపోతల. ఆ బల్ల మీది పేర్లు చదవడానికే కొందరు ఆ హోటలుకు చాయ్ తాగడానికి పోయేవాళ్లు.

సన్నగా, పొడుగ్గా, మెడ కొంచెం ముందుకు చాచినట్టు ఉండేవాడు. మే నెల ఎండలో కూడా పూర్తి చేతుల తెల్లచొక్కా, మణికట్టు దగ్గర గుండీలతో సహా. మైకుకు చేతిరుమాలు చుట్టి, మాట్లాడే ముందు రెండుసార్లు ఊదేవాడు. ఏ చోటికి చేరినా ఆయన చెప్పేవి మూడే మాటలు. "దిగున్రి, సూడున్రి, ఎక్కున్రి." తిరిగి ఎక్కేటప్పుడు మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టేవాడు కాదు, దుకాణాలతో లెక్కపెట్టేవాడు. "తాళ్ల దుకాణం అచ్చిందా? బంగారం దుకాణం అచ్చిందా? పిండి గిర్నీ ఏది, గిర్నీ ఇంక రాలే." అన్ని ట్రిప్పుల్లో ఆయన ఒక్క మనిషిని కూడా వెనక వదిలేసి రాలేదు.

ఏ కొండ చూపించినా దానికి భీముడు తగిలేవాడు. ఇక్కడ గంజి వార్చుకున్నాడు, అక్కడ కాలు జారాడు, ఆ రాతిగుండు మీద బకాసురుడి ఎముకలు ఆరబెట్టాడు. ఒకసారి మా బస్సులో వచ్చిన తెలుగు సారు ఇది భారతంలో లేదు కదా అంటే, "సారూ, భీముడు బువ్వ తిన్న ప్రతి జాగ రాస్తె భారతం ఎడ్లబండి మీద గూడ పట్టది" అన్నాడు. సారు కూడా నవ్వాడు. దూరం, లోతు, ఎత్తు అన్నీ మా ఊరి కొలతల్లో చెప్పేవాడు. విశాఖలో మేం సముద్రం ముందు నిలబడి చూస్తుంటే, "మన కోమటిచెరువుకు అవుతలి కట్ట లేదనుకోన్రి, గంతే" అన్నాడు. నిజంగానే అప్పుడు మాకు సముద్రం అర్థమైంది.

ఆయన గురించి తలుచుకుంటే నాకు ముందుగా కనిపించేది ఆయన నిలబడే తీరు. ఎక్కడైనా సరే చూడాల్సిన దానికి వీపు పెట్టి, మా వైపు తిరిగి నిలబడేవాడు. వెనక జలపాతం దూకుతుండేది, చొక్కా మీద తుంపర పడుతుండేది, ఆయన మాత్రం మా మొహాలు చూస్తుండేవాడు. పదకొండు ట్రిప్పుల్లో ఒక్కసారి కూడా ఆయన వెనక్కి తిరిగి చూడగా నేను చూడలేదు. ఎవరో అడిగితే చెప్పాడు. "నీళ్లు ఎప్పటికి పడేటియే. అవి సూసినప్పుడు మనిషి మొఖం ఒక్కపారే గట్లైతది. మల్లా కాదు."

ఇక సర్పంచ్ సంగతి.

ఒక ఊరివాళ్లు, పక్కపక్క దుకాణాలవాళ్లు నలభై మందిని ఒక బస్సులో ఐదారు రోజులు తిప్పడం తేలిక కాదు. జనగామ దాటకముందే కిటికీ సీటు గొడవ మొదలవుతుంది. బాత్రూం ఉన్న గది ఎవరికిచ్చావు, మా అత్తకు మజ్జిగ ఎందుకు రాలేదు, వాళ్ల పిల్లవాడు మా మీద కక్కాడు. ఈ గొడవలన్నిటికీ మైకన్న కనిపెట్టిన మందు ఒకటే. మొదటి చాయ్ హోటలు దగ్గర బస్సుకో సర్పంచ్‌ను నిలబెట్టేవాడు. ఆ హోటలు దేవుడి పటానికున్న బంతిపూల దండ అడిగి తెచ్చి ఆ మనిషి మెడలో వేసి, తువ్వాలతో తలపాగా చుట్టి, మొదటి సీట్లో కూర్చోబెట్టేవాడు. "సర్పంచ్ సాబ్ దిగినంకనే అందరం దిగాలె. సర్పంచ్ సాబ్ రుచి సూసినంకనే అందరం తినాలె." బస్సంతా చప్పట్లు కొట్టేది.

మొదటి పూట అది గౌరవంలాగే ఉండేది. రెండో పూటకు సర్పంచ్ నడిచే తీరు మీద ఒక మాట పడేది. మూడో పూటకు తినే తీరు మీద. ఆ తర్వాత మైకన్న అననక్కర్లేదు, బస్సే అనేది. కిటికీ సీటు కోసం కొట్లాడుకున్న రెండు కుటుంబాలు ఒకే తుండుగుడ్డ మీద కూర్చుని, సర్పంచ్‌ను చూసి నవ్వుకుంటూ పులిహోర పంచుకునేవి. తిరిగొచ్చాక అందరూ అనేవాళ్లు, ఒక్కింటోళ్ల లెక్క పోయొచ్చినం అని. అది అబద్ధం కాదు.

అయితే ఆ పేరు బస్సుతో పోయేది కాదు. ఒక సర్పంచ్‌కు సముద్రంలో అల వచ్చి పంచె ఊడిపోయింది. ఊళ్లో ఆయన్ను చూస్తే పిల్లలు కూడా తమ లాగులు పట్టుకునేవాళ్లు. రెండేళ్లకు ఆయన దుకాణం ఎత్తేసి కరీంనగర్ వెళ్లిపోయాడు. గిరాకీ లేక పోయాడని కొందరన్నారు.

మేము పాపికొండలు, అరకు ట్రిప్పుకు వెళ్లేటప్పటికి నాకు పెళ్లయి నాలుగు నెలలు. పుట్టిల్లు హుస్నాబాద్. అత్తగారి వాళ్లది తాళ్లు, బొక్కెనలు, తట్టలు, పారలు అమ్మే దుకాణం. చుట్టుపక్కల పల్లెల రైతులందరూ అక్కడికే వచ్చేవాళ్లు. మా ఆయన తక్కువ మాట్లాడే మనిషి. మాట్లాడినా తాడు ఎన్ని మూరలు, గొలుసు ఎంత బరువు, అంతవరకే. ఆ నాలుగు నెలల్లో ఆయన తన గురించి నాకు చెప్పిన మాట ఒక్కటే. పెళ్లయిన మొదటి వారంలో నేను దీపం ఆర్పబోతే, "ఆర్పకు. లైటు లేకుంటె నాకు నిద్ర వట్టది. చీకటంటె శిన్నప్పటి సంది బుగులు" అన్నారు. తర్వాత గోడ వైపు తిరిగి, "ఎవ్వల్తోని అనకు" అన్నారు. ఆ ఇంట్లో నాకంటూ దక్కిన మొదటి వస్తువు అదే.

బస్సు ఇంకా తెల్లవారకముందే బయల్దేరింది. డ్రైవరు లోపలి లైట్లు ఆర్పగానే మా ఆయన లేచి వెళ్లి ఒకటి వెలిగించమన్నారు. కాసేపటికి డ్రైవరు మళ్లీ ఆర్పాడు. ఈయన మళ్లీ వెళ్లారు. మైకన్న ముందు సీట్లో ఇటు తిరిగి, మా వైపు మొహం పెట్టి కూర్చుని ఉన్నాడు. రెండుసార్లూ చూశాడు.

సూర్యాపేటలో చాయ్‌కి ఆపారు. మా ఆయన మొహం కడుక్కోవడానికి హోటలు వెనక నల్లా దగ్గరికి వెళ్లారు. నేను మా గల్లీ ఆడవాళ్లు నలుగురితో నిలబడి ఉన్నాను. మైకన్న తనే చాయ్ గ్లాసులు పట్టుకొచ్చి ఒకటి నా చేతికిచ్చాడు.

"చెల్లె, తల్లిగారు ఏ ఊరు?"

"హుస్నాబాదన్నా."

"మంచి ఊరు. గదిసరే, సేటు లైటు ఆర్పొద్దు ఆర్పొద్దు అంటుండు. చీకట్ల పెండ్లాం మారిపోతదని బుగులా ఏంది?"

నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నాలుగు నెలల్లో నన్ను నవ్వించేలా ఎవరూ నాతో మాట్లాడలేదు. ఆ నవ్వు ఊపులోనే అనేశాను.

"గదేం గాదన్నా. ఆయనకు చీకటంటేనె బుగులు. ఇంట్ల గూడ రాత్రంత బుడ్డలైటు ఎలగాల్సిందే."

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మైకన్న మాత్రం నవ్వలేదు. "అట్లనా" అని తలూపి, ఖాళీ గ్లాసులు తీసుకుని వెళ్లిపోయాడు.

పది నిమిషాల్లో మా ఆయన మెడలో బంతిపూల దండ పడింది.

ఆయన సంబరపడ్డారు. ఈ మాట రాయడం నాకు కష్టంగా ఉంది గాని, నిజం. దండ సర్దుకుని, తలపాగా సరిగ్గా ఉందా అన్నట్టు నా వైపు చూశారు. మొదటి సీటులో నా పక్కన కూర్చుని, "ఇంత మందిల నన్నే అన్నడు సూడు. బాపుకు చెప్తె నమ్మడు" అన్నారు. నాతో అంత పొడుగు మాట మాట్లాడడం అదే మొదలు.

మర్నాడు రాజమండ్రిలో లాంచీ ఎక్కాం. గోదావరి మొదట్లో ఎంత వెడల్పంటే, ఒడ్డున చెట్లు గీతలా కనిపిస్తాయి. పోనుపోను కొండలు రెండు వైపుల నుంచీ దగ్గరికొస్తాయి. ఒక మలుపు తిరిగేసరికి దారి మూసుకుపోయినట్టుంటుంది. ఇంకెక్కడికి పోతామనుకునేలోపు కొండ పక్కకు జరిగి నీళ్లు కనిపిస్తాయి. వెదురు పొదలు నీళ్లలోకి వంగి ఉంటాయి. ఇసుక తిన్నె మీద ఎవరో కట్టెలు ఎండబెట్టుకుంటూ మాకు చెయ్యి ఊపారు. సర్పంచ్‌కు వేసిన కుర్చీ లాంచీ ముందు భాగంలో ఉంది. మా ఆయన అందులో కూర్చుని, ప్రతి మలుపు దగ్గరా "గాడ సూడు, గాడ సూడు" అని నాకు చూపిస్తూనే ఉన్నారు. మా పెళ్లిలో ఆ పూటంత మంచి పూట మళ్లీ రాలేదు.

మైకన్నకు తొందర లేదు. కొండలు బాగా దగ్గరికొచ్చి నీళ్ల మీద నీడ పడినప్పుడు, మైకులో రెండుసార్లు ఊది అన్నాడు. "సర్పంచ్ సాబ్, నీడ వడ్తుంది. చీకటైతదేమొ. లాంచి ఎన్కకు తిప్పమందామా?"

లాంచీలో చాలామందికి అది మామూలు మాట. ఆ నలుగురు ఆడవాళ్లు మాత్రం కిసుక్కుమన్నారు. మా ఆయన నా వైపు చూశారు. నేను నీళ్ల వైపు చూశాను. ఆ తర్వాత ఆయన నాకు ఏ కొండా చూపించలేదు.

విశాఖ నుంచి ఘాటు రోడ్డు మీద బొర్రా గుహలకు తీసుకెళ్లాడు. ఆ దారిలో సగం బస్సు వాంతులు చేసుకుంటే, మైకన్న ఒక్కొక్కరి దగ్గరికీ పోయి నిమ్మకాయ కోసి ముక్కు దగ్గర పెట్టాడు, ముసలమ్మల వీపు నిమిరాడు. గుహ లోపలికి దిగేటప్పుడు అక్కడి గైడు పెద్ద బ్యాటరీ లైటు పట్టుకుని ముందు నడిచాడు. పైనుంచి రాయి గొలుసుల్లా వేలాడుతోంది, కింది నుంచి పుట్టల్లా లేచింది. ఇది శివుడి జడ, ఇది ఆవు పొదుగు, ఇది తల్లీబిడ్డ అని గైడు చూపిస్తున్నాడు. లోపలికి పోయేకొద్దీ చల్లగా ఉంది. నీటిచుక్కలు ఎక్కడో పడుతున్నాయి.

అందరం ఒకచోట గుంపుగా నిలబడ్డాక మైకన్న గైడు చేతిలోంచి లైటు తీసుకున్నాడు. "జరసేపు బందు చేస్త. చీకటి ఎట్లుంటదో సూడున్రి. మనూర్ల గిసొంటి చీకటి పైసలిచ్చినా దొరకది."

లైటు ఆరింది. నేను అంతకు ముందూ తర్వాతా అట్లాంటి చీకటి చూడలేదు. కళ్లు మూసుకున్నా తెరిచినా ఒకటే. నా మోచేతికి ఒక చెయ్యి తగిలింది. అది తడుముకుంటూ కిందికి, నా వేళ్ల వైపు వస్తోంది. అది ఎవరిదో నాకు తెలుసు. అది నా వేళ్లను అందుకునేలోపే "అవ్వా" అన్న గొంతు వినిపించింది. ముప్ఫై ఏళ్ల మగమనిషి గొంతు, అమ్మను పిలిచే ఆరేళ్ల పిల్లవాడి మాట. గుహ దాన్ని తీసుకుని నాలుగుసార్లు తిరిగిచ్చింది.

మొదట నవ్వింది నేనే.

ఎందుకు నవ్వానో ఇప్పటికీ చెప్పలేను. చీకట్లో ఎవరి నవ్వో తెలియదు కదా అనుకున్నానేమో. అందరూ నవ్వేలోపు నేనే నవ్వేస్తే ఆ అవమానం నాది కాదనుకున్నానేమో. నా వెనక నలభై మంది నవ్వారు. నా వేళ్ల దాకా వచ్చిన చెయ్యి ఆయన తీసేసుకున్నారు. లైటు వెలిగేసరికి అందరూ మా ఆయన్ను చూస్తున్నారు. మైకన్న ఒక్కడే నన్ను చూస్తున్నాడు.

ఆ సాయంత్రం అరకులో మేం దిగిన బంగళా ముందు గిరిజన ఆడవాళ్లు థింసా ఆడారు. ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు కలిపి, ఒకే గొలుసులా చుట్టూ తిరుగుతూ, డప్పుకు తగ్గట్టు అడుగు వేశారు. మైకన్న మా ఆయన్ను వాళ్ల మధ్యలోకి తోసి, "సర్పంచ్ సాబ్‌ను గట్టిగ పట్టుకోన్రి, పొద్దుగూకుతుంది" అన్నాడు. మా వాళ్లంతా "అవ్వా" అని అరిచారు. ఆడుతున్నవాళ్లలో ఒక పెద్దావిడకు ఈ మాటలేవీ అర్థం కాలేదు. ఆమె మా ఆయన నడుం పట్టుకుని, కాలు ముందుకు ఎట్లా వేయాలో, వెనక్కి ఎట్లా తీయాలో నెమ్మదిగా చూపించింది. మూడో చుట్టుకు ఆయనకు అడుగు కుదిరింది. నిజంగా బాగా ఆడారు. అయినా మేం నవ్వుతూనే ఉన్నాం.

మర్నాడు అరకు నుంచి విశాఖకు రైల్లో దిగాం. బస్సు ఖాళీగా రోడ్డు మీద వెళ్లింది. ఆ రైలుదారి అందం చెప్పనలవి కాదు. కొండ అంచున పోతుంటే కింద లోయలో పసుపు పూల పొలాలు, సన్నని వాగులు, దూరంగా పెంకుటిళ్లు. ఆ దారినిండా సొరంగాలు. రైలు సొరంగంలోకి పోగానే పెట్టె చీకటైపోయేది. మొదటి సొరంగంలో మైకన్న ఒక్కడే మైకు లేకుండా, మెల్లగా, "అవ్వా" అన్నాడు. రెండో సొరంగంలో పదిమంది అన్నారు. మూడోదానికి అందరూ సిద్ధంగా ఉన్నారు. ముసలివాళ్లు, పిల్లలు, నిన్నటిదాకా మాట్లాడుకోని తోడికోడళ్లు. రైలు కూత వేయడం, చీకటి పడడం, నలభై గొంతులు కలిసి "అవ్వా" అనడం. వెలుతురు రాగానే అందరూ కిటికీల వైపు తిరిగి, "ఆహా, గా లోయ సూడున్రి" అనేవాళ్లు. మళ్లీ సొరంగం.

మా ఆయన కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్నారు. నేను ఎదుటి సీట్లో ఉన్నాను. ఒక్కో సొరంగంలోంచి బయటికొచ్చినప్పుడల్లా ఆయన మొహం చూశాను. ఆరు సొరంగాలదాకా అదే మొహం. ఏడోదాంట్లో ఆయన గొంతు కూడా వినిపించింది. అందరికంటే గట్టిగా, అందరితో కలిసి, ఆయన కూడా "అవ్వా" అని అరిచారు. వెలుతురు వచ్చేసరికి నవ్వుతున్నారు. పెట్టెలో వాళ్లంతా చప్పట్లు కొట్టారు. మంచి మనిషన్నారు, మనసుల ఏం పెట్టుకోడన్నారు.

ఊరికొచ్చాక దుకాణంలో ఆయన పేరు సర్పంచ్ సాబ్ అయింది. పక్క దుకాణాలవాళ్లు అట్లాగే పిలిచేవాళ్లు. అది నిజమనుకుని చిన్నకోడూరు నుంచి ఒక ముసలి రైతు, బొక్కెన కొనడానికి వచ్చినవాడు, మర్నాడు కాయితం పట్టుకుని మళ్లీ వచ్చాడు. "సర్పంచ్ సాబ్, మా బాయి మోటరుకు కరెంటు ఇస్తలేరు. గీ దరఖాస్తు మీద జర మీ సంతకం పెట్టున్రి." మా ఆయన తాను సర్పంచ్‌ను కానని చెబితే ఆ ముసలాయన నమ్మలేదు. సంతకం పెట్టడం ఇష్టం లేక అంటున్నారనుకుని కాళ్ల మీద పడబోయాడు. పక్క దుకాణంలో పడీపడీ నవ్వారు.

ఇంట్లో మా మామగారు ఇదేం పేరని అడిగితే, "ఉత్తగనే బాపు, తమాషకు" అన్నారు మా ఆయన. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజే కాదు, ఎప్పుడూ అనలేదు. కాకపోతే ట్రిప్పు నుంచి వచ్చిన నాటి నుంచి గదిలో లైటు తనే ఆర్పడం మొదలుపెట్టారు. ఆర్పి, గోడ వైపు తిరిగి పడుకునేవారు. నిద్రపోయిన మనిషి ఊపిరి వేరుగా ఉంటుంది. ఆయన నిద్రపోవడం లేదని నాకు తెలుసు. లైటు వెయ్యనా అని ఒకసారి అడిగితే, "ఎందుకు" అన్నారు.

తర్వాతి ఏడాది మా అత్తమ్మ బాసర పోవాలంది. మైకన్న బల్ల మీద బాసర, కుంటాల అని రాసి ఉంది. మా ఆయన, "అవ్వను తీస్కపో. నాకు దుకాణముంది" అన్నారు.

ఆ ట్రిప్పు సర్పంచ్ ఒక లెక్కల పంతులు. ఆయన ప్రతి వాక్యం చివరా "అర్థమైందా" అనేవాడు. ఆ ఒక్క మాట చాలింది. కుంటాల చేరేసరికి ఆయన మాట్లాడడం మానేశాడు. నేను బస్సులో అందరితో పాటు నవ్వాను. ఇంకొకరు సర్పంచ్‌గా ఉన్న బస్సులో కూర్చుంటే ఎంత హాయిగా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

కుంటాలలో నీళ్ల దగ్గరికి చాలా కిందికి దిగాలి. కొంత మెట్లు, కొంత బండలు. మా అత్తమ్మ మోకాళ్ల నొప్పితో పైనే ఉంటానంది. "గింత దూరమొచ్చి సప్పుడు ఇని పోతవా పెద్దమ్మా" అని మైకన్న ఆమెను వీపు మీద ఎక్కించుకున్నాడు. బక్క మనిషి. మధ్యలో రెండుసార్లు ఆగి రొప్పాడు. చివరి బండ మీద ఆమెను దించి కూర్చోబెట్టాడు. తెల్లటి నీళ్లు మెట్లుమెట్లుగా దూకుతుంటే మా అత్తమ్మ చేతులు జోడించి, అక్కడ దేవుడు లేడన్న సంగతి మరిచిపోయి మొక్కింది. మైకన్న నీళ్లకు వీపు పెట్టి కూర్చుని ఆమె మొహమే చూశాడు. ఆయన చొక్కా అంతా చెమటతో తడిసిపోయింది.

అప్పుడు నేను అడిగాను.

"అన్నా, సర్పంచ్‌ను ఎట్ల ఏరుతవు?"

"నేనెక్కడ ఏరుత చెల్లె," అన్నాడు. కుండ ఎట్లా చేస్తావంటే కుమ్మరి చెప్పినట్టు, దాపరికం లేకుండా చెప్పాడు. "మనిషిని సూసి ఏరితె మోసపోతం. ఆని పక్కపొంటి ఉన్నోల్లను సూడాలె. ఒక శిన్న రాయి ఏసి సూస్త. ఆని పెండ్లామో, అన్నదమ్ముడో మొఖం ముడుసుకున్నరనుకో, ఆన్ని ఇడిసిపెడ్త. ఆని ఎన్కకు మనిషున్నడు. ఆడు పనికిరాడు. పక్కోల్లు నవ్విన్రనుకో, ఆడు ఒక్కడే ఉన్నట్టు. ఇగ బస్సంత నవ్వొచ్చు, ఏంగాదు."

నీళ్ల చప్పుడులో నాకు అన్నీ స్పష్టంగా వినిపించాయి.

"సూర్యాపేటల ఆ పొద్దు ముగ్గురి మీద ఏసిన," అన్నాడు. "బంగారం దుకాణపాయన పెండ్లాం చాయ్ గ్లాసు కింద వెట్టి, ఒక్క మాట అనకుంట బస్సెక్కింది. గిర్నీ ఆయనకు తమ్ముడు అడ్డమొచ్చిండు. నువ్వు నవ్వినవు."

"తప్పు చేసిన అన్నా" అన్నాను.

"తప్పేముంది. నవ్వస్తె నవ్వుతం." లేచి నిలబడి మా అత్తమ్మ ముందు వంగాడు. "ఎక్కు పెద్దమ్మా. పొద్దు పోతుంది."

ఆ రాయి నా చేతికిచ్చి, ముసలమ్మను వీపున మోసుకుంటూ పైకెక్కిపోయాడు. ఆయన్ను అసహ్యించుకోవాలని చాలా ప్రయత్నించాను. వెనక నుంచి చూస్తుంటే, ఆయన మోకాళ్లు వణుకుతున్నాయి. మా అత్తమ్మ ఆయన మెడ చుట్టూ చేతులు వేసి, తన కొడుకును కూడా ఎప్పుడూ అనని మాట, "బిడ్డా" అంటోంది.

ఇంటికొచ్చాక మా ఆయన, "నీళ్లు మంచిగ పడుతున్నయా?" అని అడిగారు. పడుతున్నాయని చెప్పాను. ఆయనకు చెప్పాల్సింది ఇంకొకటుంది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. చెప్పలేదు.

అక్కడితో నేను ఆ బస్సు ఎక్కడం మానేసి ఉంటే ఈ కథలో నేను కొంచెం మంచిదాన్నయ్యేదాన్ని. మానలేదు. ఏటా ఎక్కాను. ఒకసారి హార్స్‌లీ కొండలు, ఒకసారి శ్రీశైలం అడవి, మళ్లీ అరకు. నాకు చూడడం అలవాటైపోయింది. కొండల్ని చూడడం ఒకటే కాదు. మొదటి చాయ్ హోటలు దగ్గర ఆయన గ్లాసులు పట్టుకుని ఎవరి దగ్గరికి పోతున్నాడో చూసేదాన్ని. రాయి ఎవరి మీద పడిందో, ఎవరు మొహం ముడుచుకున్నారో, ఎవరు నవ్వారో బస్సులో అందరికంటే ముందు నాకే తెలిసేది. ఆయనకూ ఆ సంగతి తెలుసు. రాయి వేశాక ఒక్కోసారి నా వైపు చూసేవాడు, ఒకే పని చేసే ఇద్దరు చూసుకున్నట్టు.

నేను ఆయనతో వెళ్లిన చివరి ట్రిప్పు సాగరు, ఎత్తిపోతల. నల్గొండలో చాయ్‌కి ఆగాం. కొత్తగా పెళ్లైన జంట ఒకటి ఉంది. అబ్బాయి బట్టల దుకాణం వాళ్లబ్బాయి, బస్సు సీటు తనకు పడదని ఇంటి నుంచి తలకింద పెట్టుకునే మెత్త తెచ్చుకున్నాడు. అమ్మాయికి పందొమ్మిదేళ్లుంటాయేమో, చేతినిండా కొత్త గాజులు. ఆ పిల్ల నా పక్కన నిలబడి ఉంది. అబ్బాయి ఇంకా బస్సులోనే ఉన్నాడు. మైకన్న వచ్చి చాయ్ ఇచ్చి, ఆ మెత్త గురించి ఒక మాట అన్నాడు. ఆ మాట ఇక్కడ రాయను.

ఆ పిల్ల నవ్వలేదు. మొహం ముడుచుకోనూ లేదు. నవ్వొచ్చో లేదో తెలియక చుట్టూ చూసింది. ముందు మైకన్నను, తర్వాత అవతలున్న ఆడవాళ్లను, చివరికి పెద్దదాన్నని కాబోలు నన్ను చూసింది. నేనేం చేస్తే తానూ అదే చేసేలా ఉంది. నేను చాయ్ తాగుతూ ఊరుకుంటే సరిపోయేది. "ఏం మాటలన్నా అవి" అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అంతా ఒక్క క్షణం.

నేను నవ్వాను.

అప్పుడు ఆ పిల్ల కూడా నవ్వింది. మంచి నవ్వు. మైకన్న తలూపి, ఖాళీ గ్లాసుల కోసం చెయ్యి చాచాడు. ఆ అబ్బాయి అప్పుడే బస్సు దిగి, ఒళ్లు విరుచుకుంటూ, మేమంతా నవ్వుతున్నామని తనూ నవ్వుతూ, "ఏందే, ఏందే సంగతి" అని పెళ్లాన్ని అడుగుతూ మా దగ్గరికి వచ్చాడు.